పెదవికీ గొంతుకీ మధ్య

“ఇది నోరా, పత్తి మిషనా?” అన్నాడు దేవరాజు, ల్యాప్‌టాప్‌లో రికార్డయిన గొంతు గీతలు చూపిస్తూ.

మౌనిక తల వంచుకుంది. బెంగళూరు కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం ఒక్కటే ఉంది. ఆదోనిలోని ఈ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ ఎవరి పేరు పంపితే వాళ్ళకే అది. రాకపోతే సోమవారం నుంచి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనికి పోవాల్సిందే. పేరు పంపాల్సిన యజమానురాలు మంజుల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. దేవరాజు ఆమె దగ్గర మాస్టరు. రెండేళ్ళ కిందట హాలహర్వి పల్లెలో బస్సెక్కి వచ్చిన మనిషికి ఇప్పుడు పక్కవాడు ఎవడూ మనిషిలా కనబడడు.

“ఈ గీత పెదవులు విడిన చోటు మేడం. ఇది గొంతు మొదలైన చోటు. ‘పెన్’ అంటే రెంటికీ మధ్య సందుండాలి. ఆ రవ్వంత సేపు గాలి ఒక్కటే పోవాలి. లేకుంటే ఇంగ్లీషోళ్ళకు ‘బెన్’ అని వినబడుతుంది. ఈడ సందేదీ? రెండూ అతుక్కుపోయినాయి!”

“ఇంట్లో నోటి ముందర కాయితం పెట్టుకోని నేర్సుకున్నా సార్. కాయితం కదిలింది,” అంది మౌనిక.

“ఎమ్మిగనూరు గాలికి కదిలింటుంది లే.”

మౌనికకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి ఈయన వెటకారాన్ని దిగమింగుతూనే ఉంది. ఉద్యోగం వస్తే మొహం మీదే నాలుగు మాటలు అడగాలనుకుంది. ఇప్పుడు ఆ ఆశా పోయింది.

“ఇంకో మాట చూద్దాం,” అంటూ మంజుల మీట నొక్కింది. తెర మీద ‘టీ’ గీతలు, శబ్దం లేకుండా. సందు లేదు. తర్వాత ‘కప్’. అదీ అంతే.

“చూసినారా! మగ్గాల కాడ పెరిగిన నాలుక ఇంతే మేడం. దీన్ని పంపితే కంపెనీ వాళ్ళు మన మొగాన ఉమ్మేస్తారు. నా దగ్గర నేర్చుకుందని చెప్పుకునేదానికే సిగ్గు.”

“అయితే ఈ గొంతును మన సెంటర్లో పెట్టుకునేదీ దండగేనంటావా?”

“దండగే మేడం. ఈ పొద్దే పంపేయండి.”

మంజుల ల్యాప్‌టాప్ నెమ్మదిగా మూసింది.

“మౌనిక పేరు నిన్ననే పంపేసినా దేవరాజూ. ఇప్పుడు చూసినవి పొద్దున మైకు పనిచేస్తాందా లేదా అని నువ్వు పలికిన మాటలు.”