మిఠాయి ఎందుకు తినలేదంటే

నా పేరు షేక్ మస్తాన్‌బీ. అరవై ఆరేళ్లు, రాయచోటి మనిషిని. అబుదాబి దగ్గర అల్ ఐన్‌లో సిరియా వాళ్లింట్లో వంట చేసేదాన్ని.

యుద్ధంలో ఓడి వాళ్ల నియంత పారిపోయిన రోజు వీధంతా కారు హారన్లే. "జైళ్లు తెరిచారు, నా కొడుకు వస్తున్నాడు!" అంటూ మేడమ్ నా నోటికి మిఠాయి అందించింది. నేను తినకుండా ఏడ్చాను.

"ఆ హంతకుడి కోసం ఏడుస్తావా? ఖలాస్, పో!" అని గెంటేసింది.

ఏడవడానికి వాడేమైనా నా మొగుడా? అప్పటికే మేడమ్ కూతురు రీమా వంటింట్లో నాకు ఫోన్‌లో ఫొటో చూపించింది. జైల్లో దొరికిన ఆ శవం ఆమె అన్నయ్యదే. అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

ఎంబసీ అయ్యా, మేడమ్ దగ్గరున్న నా పాస్‌పోర్టు ఇప్పించండి. ఈ కాగితం మాత్రం మేడమ్‌కి చదివి వినిపించకండి. నన్ను తిట్టుకుంటున్నన్నాళ్లూ ఆమె కొడుకు దారిలోనే ఉంటాడు.

వేలిముద్ర: మస్తాన్‌బీ
సాక్షులు: డ్రైవర్ నబీ రసూల్, రీమా