పున్నమ్మ గొంతు

"ఇది కాదు. ఇంకోటి తియ్యి," అన్నాడు చెంచురామయ్య.

నగ్మా నల్ల ట్యాబును పక్కకు జరిపి, అద్దాల అరలోంచి బూడిద రంగుది తీసింది. చిలకలూరిపేట బస్టాండు పక్కనున్న ఈ కొట్లో చేరిన దగ్గర్నుంచీ ఎంతమందినో చూసింది. ముందు ధర అడుగుతారు, ఆ తర్వాత కెమెరా, గేములు. ఈ ముసలాయన అవేవీ అడగలేదు. మెట్లెక్కుతూనే, "తెలుగు పైకి చదివే ట్యాబులున్నాయంటగా, వాటి గొంతు వినాలి," అన్నాడు. భార్య పోయిందట. ఇంట్లో పలకరించే మనిషి లేడట.

"పలికితే పున్నమ్మ గొంతుతోనే పలకాలి. లేకపోతే నాకొద్దు," అని ముందే తేల్చేశాడు.

"ఊళ్ళో చుట్టాలు లేరా బాబాయి గారూ?"

"ఉన్నారు. ఆవిణ్ణి చూసి నవ్విన నోళ్ళే అన్నీ. ఆ పలకరింపులు నాకు పనికిరావు."

ఎందుకు నవ్వారని అడగబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది నగ్మా. బూడిద రంగు ట్యాబులో ఆయన చెప్పిన మాటే మళ్ళీ టైపు చేసి నొక్కింది.

"ఏమయ్యా, అన్నం తిన్నావా?" అంది ట్యాబు.

చెంచురామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, గలగలమంటుందేమోనన్నట్టు ఆడించాడు.

"బాబాయ్, బాబాయ్!" గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చాడు కొట్టు యజమాని వాసిం. "అది మిరపకాయ కాదు! జారితే అద్దం పగులుద్ది!"

"కాయ ఎండిందో లేదో ఆడిస్తేనే తెలిసేది. అలవాటు," అంటూ దించాడాయన. "చంటిపిల్ల గొంతులా ఉంది. మిరపచేలో నలభై ఏళ్ళు వంగిన మనిషికి ఈ గొంతేంటి?"

"దీని సాఫ్ట్‌వేర్లో గొంతు లావు చెయ్యొచ్చు." నగ్మా తెర మీద గీతను వేలితో జరిపింది. ట్యాబు మళ్ళీ అన్నం తిన్నావా అనడిగింది. ఈసారి జలుబు చేసిన మగాడిలా అడిగింది. వాసిం కిసుక్కున నవ్వాడు. చెంచురామయ్య నవ్వలేదు.

"ఆయనకి పెద్దది చూపించవే," అన్నాడు వాసిం.

పెద్దది వేరే కంపెనీది. ధర బూడిద రంగుదానికి రెండింతలు. దాని సాఫ్ట్‌వేరు వేరు, యాపులు వేరు. మిగతా రెండిట్లో ఉచితంగా దొరికే యాపుల్లో కొన్ని దీన్లో డబ్బు పెట్టి కొనుక్కోవాలి. తెలుగుకు ఉన్నది ఒకటే గొంతు. కానీ ఆ గొంతు పన్నీరు చల్లినట్టుంటుంది.

"వార్తలు చదివే అమ్మాయిలా ఉంది," అన్నాడు చెంచురామయ్య. "పున్నమ్మ ఇంత నాజూకు మనిషి కాదు. అయినా, ఈ గొంతు ఎన్నాళ్ళుంటుంది?"

"అంటే?"

"మారదుగా?"

చెప్పొద్దని వాసిం కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. నగ్మా చూడనట్టు ఉండిపోయింది. "అప్‌డేట్లు వస్తాయి బాబాయి గారూ. ఒక్కోసారి గొంతు కూడా మారుద్ది. పైగా దీనికి నెట్ ఉండాలి."

"మా ఊళ్ళో సిగ్నలు ఉండదు. తీసెయ్."

ఇలా లాభం లేదనుకుంది నగ్మా. "పిన్నిగారి గొంతు ఎలా ఉంటదో తెలిస్తే నేనే వెతికి పెడతా. ఫోన్లో రికార్డింగులేమైనా ఉన్నాయా?"

"లేవు."

"పెళ్ళి క్యాసెట్టు?"

"ఉంది. అంతా బ్యాండు మేళం మోతే."

"పోనీ, మీకు ఫోన్ చేసేవారు కాదా?"

"ఆవిడకి ఫోనెందుకు? గట్టెక్కి పళ్ళెం మోగిస్తే చేలో నాకు వినపడేది. అన్నానికి వచ్చేసేవాణ్ణి." ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "దగ్గేది. కల్లంలో కాయలు ఏరేటప్పుడు ఘాటుకు దగ్గేది. ఆ దగ్గుకు తగ్గ గొంతు కావాలి."

నగ్మాకు వాళ్ళమ్మ దగ్గు గుర్తొచ్చింది. ఆవిడా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషే. మొదట్లో పక్కన పెట్టిన నల్ల ట్యాబును మళ్ళీ దగ్గరకు లాక్కుంది. మూడిట్లోకీ చవకది అదే.

"దీనికి ఇక అప్‌డేట్లు రావు. కంపెనీ ఆపేసింది. అదే దీని లోటు," అంది. "కానీ ఒక యాప్ ఉంది. గొంతులు నాలుగు. ఒకసారి ట్యాబులోకి దించుకుంటే నెట్ లేకపోయినా పలుకుద్ది. ఇందాక మీరు మొదటిదే విన్నారు."

"అప్‌డేట్లు రావంటే, గొంతు మారదనేగా?"

"మారదు."

"అది లోటెట్లా అయింది? కానియ్."

రెండో గొంతుకు తల అడ్డంగా ఊపాడు. మూడోది సగంలో ఉండగానే చెయ్యెత్తి ఆపమన్నాడు. నగ్మా నాలుగోది పెట్టి, వేగం కాస్త తగ్గించి, కాస్త బరువు పెంచి నొక్కింది.

"ఏమయ్యా, అన్నం తిన్నావా?"

కొంచెం గరుకు గొంతు. చివర్లో ఓ చిన్న విసురు.

చెంచురామయ్య ఈసారి ట్యాబును ఆడించలేదు. చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. "మళ్ళీ," అన్నాడు. నగ్మా మళ్ళీ నొక్కింది. ఆయన పెదాలు కదిలాయి. "తిన్లేదు," అన్నట్టు అనిపించింది నగ్మాకు.

బేరం ఆడలేదు. డబ్బు కట్టి, పెట్టె అక్కర్లేదని చెప్పి, ట్యాబును తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగాడు.

నగ్మాకు కాలు నిలవలేదు. వెనకే గుమ్మం దాకా వెళ్ళింది. "బాబాయి గారూ, నిజం చెప్పండి. అచ్చం పిన్నిగారి గొంతేనా?"

ఆయన వెనక్కి తిరిగాడు.

"ఎట్టా తెలుస్తుందమ్మాయ్? మా పున్నమ్మ పుట్టు మూగ."