పడ్డ మొద్దు

టుర్కు ఊళ్లో ప్రపంచ జట్టు స్కేటింగ్ పోటీల ఆఖరి రోజు. మంచు మీద ఫిన్లాండ్ అమ్మాయిలు పదహారుమంది. అందరివీ ఒకే గౌను, ఒకే ముడి. చివరి మలుపులో సాయిమి జారిపడింది. బంగారు పతకం స్వీడన్ వాళ్ల మెడలో పడింది.

బయట వాళ్లమ్మ హిల్కా ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది.

“ఎంత బాగా చేశావే! కుడి చివరన నిన్నే చూస్తూ కూర్చున్నా. ఇంతకీ ఆ పడ్డ మొద్దు ఎవరే?”

కుడి చివరన ఉన్నది వేరే పిల్ల. సాయిమికి ప్రాణం లేచొచ్చింది.

“అందరం ఒకేలా ఉంటాం కదమ్మా. నేనూ సరిగ్గా చూళ్లేదు.”

“పోనీలే. పాపం, దాన్నెవరూ ఏమీ అనకండి.”

హిల్కా కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టి కాఫీ పోసిచ్చింది. తర్వాత తను కింద కూర్చుని, సంచిలోంచి నొప్పుల మందు తీసింది.

“ఏ మోకాలే?”