నాచు మీద నింద

సోమవారం మా అమ్మాయి దారేకి విమానాల కంపెనీలో ఇంటర్వ్యూ. శనివారం పొద్దున లేచేసరికి దాని మొహం నిండా మొటిమలు, ఉడికిన ఎర్ర అలసందల్లా.

“పరీక్షల ముందు జారుడు నాచు సూపు తాగితే పరీక్షలోనూ జారి తప్పుతానని గిన్నె లాక్కునేదానివి. మరి మొహానికెందుకు పూయించావమ్మా?” అని అరిచింది.

నా భార్య ఒక్‌బున్ ముప్పై ఏళ్లుగా వాండో దీవి సముద్రంలో నాచు కోస్తోంది. దాన్నే మెత్తగా రుబ్బి, కూతురి మొటిమలు తగ్గాలని పచ్చ డబ్బాలో పెట్టి ఇచ్చింది.

“చర్మ రంధ్రాలు మూసుకుపోయాయి. నాచులో ఏ జిడ్డు కలిపారు?” అని, చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు దారేని అడిగాడట.

“కలబంద తప్ప ఏదీ కలపలేదే!” అంటూ ఒక్‌బున్ తన కొడవలిని మూలన పడేసింది. “పిల్ల మొహం పాడుచేసిన నాచు నేనింక కొయ్యను.”

అన్నం తింటున్నవాణ్ని గిన్నె పక్కన పెట్టేశాను. పది రోజుల కిందట ఆ డబ్బా ఖాళీ చేసి, నేను తలకు రాసుకునే జిడ్డు క్రీములో నాచుపొడి కలిపి నింపింది నేనే. దారే వాసనకే కెవ్వుమంటుంది, పడీపడీ నవ్వొచ్చు అనుకున్నాను. అది కెవ్వుమనలేదు. అమ్మ చేసిందని రోజూ పూసుకుంది.

అంతా చెప్పేశాను. ఖాళీ అయిన నా క్రీము డబ్బా కూడా తెచ్చి ముందు పెట్టాను.

“చూడమ్మా, సాక్ష్యం కూడా తయారు చేసుకొచ్చాడు!” అని దారే ఏడుపులోనే నవ్వింది.

ఒక్‌బున్ కళ్లు తుడుచుకుంది. “చాల్లే, దారే నాన్నా. నా తప్పు నీ నెత్తినేసుకోవడానికి ఎంత కథ అల్లావు! ఇన్నేళ్ల కాపురంలో నాకోసం నువ్వు చేసిన మంచిపని ఇదొక్కటే.”

నా గిన్నెలో ఇంకాస్త అన్నం వడ్డించింది. కొడవలి మాత్రం మూలనే ఉండిపోయింది.