సీసా అడుగున

సీసాలు కడిగే కొత్త మనిషి వస్తాడు వస్తాడని పొద్దున్నుంచీ గుమ్మం వైపు చూసి చూసి చుక్కలమ్మకు మెడ పట్టేసింది.

అందుకే, తెల్లజుట్టు పెద్దాయన ఒకడు ల్యాబు తలుపు దగ్గర నిలబడి "వాగు నీళ్ళు పరీక్ష చేసేది ఇక్కడేనామ్మా?" అనగానే ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడే, ఇక్కడే! ఇప్పుడా రావడం? సింకు అటుంది. అరవై సీసాలున్నాయి."

"అది కాదమ్మా, నేను వచ్చింది..."

"తెలుసు లెండి. ముందు గ్లవుజులు వేసుకోండి, వాటిలో యాసిడ్ ఉంటుంది."

పెద్దాయన సింకు చూశాడు. సీసాలు చూశాడు. ఎందుకో గానీ ముఖం చేటంత అయింది. చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగిపోయాడు.

చుక్కలమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. వాగు నుంచి వచ్చిన ప్రతి సీసాలో, నీళ్ళు పాడవకుండా పది చుక్కల యాసిడ్ వేయడం ఆమె పని. రెండు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మిషనుకు పెట్టాలి. అందులో బంగారం నలుసులో నలుసంత ఉన్నా మిషను పట్టేస్తుంది.

పట్టాలి మరి! నాలుగేళ్ళుగా అది చూపించింది సున్నా. వాగు పుట్టిన కొండరాళ్ళలో బంగారపు రజను ఉంది. అడవిలో రాలిన ఆకులన్నీ నానబెట్టుకుని టీ రంగులో దిగొచ్చే ఆ వాగు నీళ్ళలో మాత్రం లేదు. ఇవాళ కూడా సున్నా వస్తే ఈ పని మూసేద్దామని హెడ్డాఫీసు సారు ఖరాఖండిగా చెప్పేశాడు. అంటే ఆమె నాలుగేళ్ళ కష్టం నీళ్ళపాలే.

సింకు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందండీ, అప్పుడే అలిసిపోయారా?"

"లేదు తల్లీ. సీసా అడుగున ఈ గోధుమరంగు మడ్డి ఉందే, దీన్నేం చేస్తారు?"

"ఏం చేస్తాం? కడిగి పారబోస్తాం. మీకన్నా ముందున్నాయన నాలుగేళ్ళూ చేసింది అదే."

"వాగులో ముంచినప్పుడు ఉందా ఈ మడ్డి?"

"లేదు. ఇక్కడికొచ్చాకే..."

"యాసిడ్ పడ్డాక దిగింది. అంతేగా? ఇది ఆకులు కుళ్ళిన రసం. మామూలు నీళ్ళలో కరిగి తిరుగుతుంది. యాసిడ్ తగిలిందా, ముడుచుకుని అడుక్కి చేరుతుంది. చేరేది ఒంటరిగానే అంటావా?"

"అంటే?"

"బంగారానికి ఈ ఆకురసమంటే మహా ఇష్టం. ఒకసారి పట్టుకుందంటే వదలదు."

చుక్కలమ్మకు ఒళ్ళు మండింది.

"బాగుందండీ వరస! సీసాలు కడగమంటే పాఠాలు చెబుతున్నారు. పైవాళ్ళు నేర్పినట్టు చేస్తున్నాం. మీకేం తెలుసు?"

పెద్దాయన నొచ్చుకోలేదు సరికదా, పకపకా నవ్వాడు.

"నిజమే, నాకేం తెలియదు. ఒక్క సీసా మడ్డి పెట్టి చూడు. ఏమీ లేకపోతే మిగతావన్నీ నోరెత్తకుండా కడిగిపెడతా."

ఆ బేరం ఆమెకు నచ్చింది. మడ్డిని వడగట్టి, ఘాటు యాసిడ్‌లో మరగబెట్టి, పూర్తిగా కరిగాక మిషనుకు పెట్టింది. రెండు గంటలు పట్టింది. అంతసేపూ పెద్దాయన స్టూలు మీంచి లేవలేదు, ఇచ్చిన టీ కూడా తాగలేదు.

నాలుగేళ్ళుగా సున్నా దగ్గర కూర్చున్న అంకె లేచి పరుగెత్తింది.

"అయ్యబాబోయ్!" అని అరిచింది చుక్కలమ్మ. "ఉంది! పెద్దాయనా, ఉంది! ఇన్నాళ్ళూ బంగారాన్ని చేతులారా సింకులో పోసుకున్నాం!"

ఆమె గంతులేస్తుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"ఇక ఇవాళ హాయిగా నిద్రపడుతుంది. వెళ్ళొస్తా తల్లీ. మిగతా సీసాలు మాత్రం ఎవరినీ కడగనివ్వకు."

ఫోను కలిపే హడావిడిలో ఉన్న చుక్కలమ్మ "రేపు తొందరగా రండి!" అని మాత్రం కేకేసింది.

విషయం విని సారు అటువైపు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"శభాష్! మూసేసే మాటే లేదు. నీకీ ఆలోచన ఎలా తట్టిందమ్మా?"

"నాది కాదండీ, మన కొత్త సీసాలాయనది. ఆయన్ని దయచేసి పర్మనెంటు చేసెయ్యండి."

"అతనికి జ్వరం. రేపొస్తానన్నాడు."

"మరి ఇవాళ సీసాలు కడిగింది ఎవరండీ? తెల్లజుట్టు, గడ్డం మీద ఎడమవైపు పుట్టుమచ్చ, నవ్వితే ఒళ్ళంతా కదులుతుంది."

సారు నవ్వు మొదలుపెట్టి, ఆపలేకపోయాడు.

"మహాతల్లీ! ఆయన చేత సీసాలు కడిగించావా?"

చుక్కలమ్మ ఫోను చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వీధిలో ఆయన జాడ లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, సంతోషంతో నవ్వు ఆగడం లేదు.

"ఎవరు సార్ ఆయన?"

"రిటైరైన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే గోల, 'ఆ రోజుల్లో నా సీసాలు నేనే కడుక్కుని ఉండాల్సింది' అని. ముప్పై ఏళ్ళ కిందట మొట్టమొదట ఆ వాగును పరీక్షించి, అందులో బంగారం లేదని సంతకం పెట్టింది ఆయనేనమ్మా."