ఎర్రదా, తెల్లదా

"తెల్లది తీసుకుందాం జానూ. మర్యాదగా ఉంది," అన్నాడు శివరామయ్య.

"మర్యాద పెళ్ళికొడుక్కి కావాలి గానీ, కారుకెందుకన్నా?" అన్నాడు జాన్ సాహెబ్.

గుంటూరు షోరూంలో రెండు మారుతి కార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వచ్చినది వచ్చినట్టున్న మామూలు తెల్ల కారు. రెండోది అదే కారుకి షోరూం వాళ్ళు హంగులు చేయించినది. ఎర్ర రంగు, పక్కల నల్ల చారలు, వెడల్పు టైర్లు, చేతిలో ఇమిడే చిన్న స్టీరింగు. దాన్ని వాళ్ళు స్పోర్ట్స్ మోడల్ అంటున్నారు.

శివరామయ్య గురజాల రైతు. జాన్ సాహెబ్ పాతికేళ్ళు ఆయన ఫియట్ నడిపినవాడు. ఇద్దరూ పొద్దున బస్సెక్కి వచ్చారు. జాన్ సాహెబ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దుమ్ము రోడ్ల మీద బండి తోలినప్పటి నుంచీ అలవాటైన నల్లద్దాలు పెట్టుకున్నాడు. బస్సు దిగింది మొదలు శివరామయ్య భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

సేల్స్‌మన్ ఎర్ర కారు సొగసులు ఒక్కొక్కటే వర్ణిస్తుంటే, జాన్ సాహెబ్ తలవంచి విన్నాడు. తర్వాత బానెట్ మీద అరచెయ్యి పెట్టి, సంతలో కోడెను నిమిరినట్టు చివరిదాకా నిమిరాడు.

"అన్నా, షోలవరం కార్ల పందేల గురించి నీకు చెప్పా కదా?"

"చెప్పావా! మిరపకాయల లోడుతో మద్రాసు పోయి, పందేలు చూస్తా లారీని మర్చిపోయావు. వెయ్యిసార్లు విన్నా."

"అట్టాంటి బండి ఒక్కసారన్నా మనింటి ముందు ఆగాలని నాకు ఆశ. నువ్వేమో ఆ గచ్చకాయ రంగు ఫియట్‌ని వదిల్తేనా?"

శివరామయ్య నవ్వాడు. ఆ ఫియట్‌తోనే సగం జీవితం గడిచింది. భార్య ధనమ్మకు నొప్పులొచ్చి నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోతుంటే, కారెంపూడి దగ్గర నాగులేరు పొంగి పారుతోంది. వెనక సీట్లో ధనమ్మ మూలుగు, ముందు చప్టా మీద ఎర్రటి నీళ్ళు. "కళ్ళు మూసుకో అన్నా, నేను చూసుకుంటా," అన్నాడు జాన్ సాహెబ్. శివరామయ్య నిజంగానే మూసుకున్నాడు. తెరిచేసరికి బండి అవతలి గట్టు మీద ఉంది. ఆ రోజు పుట్టిన ఇందిరకి ఇప్పుడు పెళ్ళీడు.

అలాంటివాడు మూడేళ్ళ కిందట ఓ పొద్దున ఫియట్ తాళాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"ఇంక నా వల్ల కాదన్నా. వేరే మనిషిని చూసుకో."

అంతకు ముందురోజే దాచేపల్లి మలుపులో బండి రోడ్డు తప్పి గట్టు మీదికెక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అయినా ఆయన నిర్ణయం మారలేదు. కొత్త డ్రైవర్ని పెట్టుకోమని ధనమ్మ పోరినా శివరామయ్య వినలేదు. ఫియట్ అమ్మేశాడు. ఆనాటి నుంచి జాన్ సాహెబ్ ఇల్లు కదల్లేదు. రోడ్డు మీద హారన్ వినపడితే మంచం మీద అటు తిరిగి పడుకుంటాడని ఆయన భార్య పీరాంబీ ఓసారి చెప్పి ఏడ్చింది.

ఈ వేసవంతా పత్తి బేరాలని ఇంట్లో చెప్పి శివరామయ్య పొద్దున్నే నరసరావుపేట పోయి వచ్చాడు. అసలు సంగతి జాన్ సాహెబ్ ఒక్కడికే తెలుసు.

"డ్రైవరు గారూ, ఒక రౌండు కొట్టి చూడండి," అన్నాడు సేల్స్‌మన్.

"వద్దులే," శివరామయ్య గబుక్కున అడ్డుపడ్డాడు.

"నువ్వే స్టార్ట్ చెయ్ బాబూ. నాకు వింటే చాలు," అన్నాడు జాన్ సాహెబ్.

ముందు తెల్ల కారు, తర్వాత ఎర్ర కారు మోగాయి. ఎర్రదాని గొంతు వినగానే ఆయన శివరామయ్య భుజం నొక్కాడు.

"ఇదే అన్నా."

"ఇది ఉరుకుద్ది జానూ. దీంట్లో నా గుండె ఆగుద్ది."

"పాతికేళ్ళు నాతో తిరిగావు. ఏనాడన్నా ఆగిందా?"

"అప్పటి సంగతి వేరు."

"ఏం వేరు? అదే రోడ్డు, అదే మనం. నేను పక్కనే ఉంటా గదా. నీకెందుకు భయం?"

శివరామయ్య ఎర్ర కారు తలుపు తీశాడు. జాన్ సాహెబ్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. రెండు చేతులూ దాని చుట్టూ ఓసారి తిప్పి, గేరు రాడ్డు పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. ఆ ముఖంలోకి నవ్వు మెల్లగా వచ్చింది. నాగులేరు దాటిన నాడు చూసిన నవ్వు. మళ్ళీ దాన్ని చూస్తానని శివరామయ్య అనుకోలేదు.

"ఎర్రదే ఇవ్వండి," అన్నాడు సేల్స్‌మన్‌తో.

కాయితాల పని ముగిసేసరికి మధ్యాహ్నమైంది. కారుని బయట వేపచెట్టు నీడలో నిలిపారు. ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. సేల్స్‌మన్ తాళాలు తెచ్చి జాన్ సాహెబ్ చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తగా తీసుకెళ్ళండి డ్రైవరు గారూ. సత్తెనపల్లి రోడ్డులో గుంటలున్నాయి."

"ఆ గుంటలన్నీ మనకి చుట్టాలే బాబూ," అన్నాడు జాన్ సాహెబ్. తాళాలు కళ్ళకద్దుకున్నాడు. "పద అన్నా. పొద్దుండగానే గురజాల చేరదాం. పీరాంబీ గుమ్మంలో నిలబడి ఉంటది."

శివరామయ్య అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

చూపు పోయిన స్నేహితుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి, తాళాలు అందుకుని, వేసవంతా నరసరావుపేటలో నేర్చుకున్నట్టే తను స్టీరింగు పట్టాడు.