చొక్కా రంగు

"మావాళ్ళు మీ ఎర్ర చొక్కా తొడుక్కునేకంటే ఇంట్లో కూర్చోవడమే నయం!" అన్నాడు మాలకీ.

"కూర్చోబెట్టు. ముప్ఫై ఏళ్ళుగా నువ్వు చేస్తున్నది అదేగా," అన్నాడు ఫింటన్.

ఒకప్పుడు కర్రల ఆట హర్లింగులో ఐర్లండంతటినీ ఓడించి కౌంటీకి కప్పు తెచ్చిన పక్కపక్క ఊళ్ళు వాళ్ళవి. ఇప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల జట్టుకి పదిహేనుమంది దొరక్క, కలిసి ఆడతామని అర్జీ పెట్టుకోవడానికి ఆ ఊళ్ళ కోచ్‌లిద్దరూ కౌంటీ ఆఫీసుకి వచ్చారు. పచ్చ చొక్కాల ఊరు మాలకీది.

మాలకీ వంకర తిరిగిన చూపుడువేలు ఫింటన్ మొహం ముందు ఆడించాడు. "దీన్ని విరగ్గొట్టింది నీ కర్రేరా!"

"గురి తప్పింది. నేను కొట్టింది తలమీదికి."

"ఇక ఆపండి!" కౌంటీ కార్యదర్శి నూలా ఇద్దరి జాబితాలూ లాక్కుంది. "ఫింటన్ గారివి తొమ్మిది పేర్లు, మాలకీ గారివి ఎనిమిది. మొత్తం పదిహేడు. హమ్మయ్య, సరిపోయారు."

అంతలో ఆమె పెన్ను ఒక పేరు దగ్గర ఆగింది. ఇంకో పేరు దగ్గర మళ్ళీ ఆగింది.

"వాగు పక్క ఇళ్ళ పిల్లలు అయిదుగురూ రెండు జాబితాల్లోనూ ఉన్నారేమిటి?"

"వాళ్ళు మావాళ్ళు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"ఎవరివాళ్ళయినా అయిదుగురే కదండీ. అంటే ఉన్నది పన్నెండుమందే. ఇంకా ముగ్గురు తక్కువ."

మాలకీ వంకరవేలిని పిడికిట్లో ముడుచుకున్నాడు.

"కొండవతల ఊరివాళ్ళ చొక్కా ఏ రంగురా?" అన్నాడు చివరికి.

ఫింటన్ తలెత్తలేదు.

"నీలం."